అమావాస్య, అల్లుడు, నల్ల డబ్బా

ఆకాశం ఎంత చీకటిగా ఉందో కొలిచే మీటరు ఒకటుంది. అరచేతిలో పట్టే నల్ల డబ్బా, లోపల 9 వోల్టుల బ్యాటరీ, ఒకే ఒక్క బటన్. నడినెత్తి ఆకాశానికి గురిపెట్టి నొక్కితే ఎర్రటి అంకెలు వస్తాయి. తిరకాసేంటంటే అంకె ఎంత పెద్దదైతే అంత చీకటి. నగరాల్లో 17, 18 దగ్గర కొట్టుకుంటుంది, దీపాల వెలుగు సోకని చోట 22 దాకా పోతుంది. ఒక్క అంకె తేడా అంటే వెలుగులో రెండున్నర రెట్లు, ఐదంకెలైతే ఏకంగా వంద రెట్లు. ఇదంతా మామగారికి ఓపిగ్గా చెప్పాను. ఆయన చెవికెక్కింది మాత్రం మార్కులు అన్న సంగతి ఒక్కటే.

మా అత్తగారి ఊరు గిద్దలూరు దాటాక, నల్లమల అంచున. చంద్రుడుంటే రీడింగు పనికిరాదు, కాబట్టి అమావాస్యే కావాలి. సూర్యుడు దిగంతానికి 18 డిగ్రీలు కిందికి దిగిపోవాలి, కాబట్టి బాగా పొద్దుపోవాలి. అంటే అమావాస్య రాత్రి, నల్ల డబ్బా పట్టుకుని, డాబా మీద ఒక్కణ్ణే, చెయ్యి పైకెత్తి కదలకుండా నిలబడాలన్నమాట. సైన్సు ప్రకారం అన్నీ కుదిరాయి. ఎదురింటి అవ్వ లెక్క ప్రకారం కూడా అన్నీ కుదిరాయి, ఒక్క నిమ్మకాయ తప్ప.

చిమ్మచీకట్లో ఈ మీటరు అంకె తేల్చడానికి ఒక్కోసారి నిమిషం తీసుకుంటుంది. ఆ నిమిషం ఎవరూ లైటు వెయ్యకుండా ఉంటే చాలు. ‘ఎవరది డాబా మీద?’ అని కిందనుంచి టార్చి పడింది. మళ్ళీ నొక్కాను. ‘అయ్యో, అల్లుడుగారు చీకట్లో నిలబడ్డారే, మెట్ల లైటన్నా వెయ్యండర్రా’ అని అత్తగారు. ఇంకోసారి నొక్కితే బావమరిది ఫోన్ లైటు సరిగ్గా డబ్బా మీదే కొట్టి, ‘అంకెలు కనబడుతున్నాయా బావా?’ అన్నాడు.

‘ఆపరా బాబూ, చీకటి కొలుస్తున్నాను!’

‘లైటు లేకుండా చీకట్లో ఎట్టా కొలుస్తావు బావా?’

దీనికి జవాబు నాకింకా దొరకలేదు.

ఈలోపు అవ్వ పుణ్యమా అని వీధంతా దిగింది, అందరి చేతుల్లో టార్చిలే. మోటారు వెయ్యడానికి పొలం వెళ్తున్న ఒకాయనైతే నెత్తికి లైటు కట్టుకుని వచ్చాడు. పాపం మర్యాదస్తుడు, ఎవరితో మాట్లాడినా మొహంలోకి చూసే మాట్లాడతాడు. బోరు పాయింటా అని ఒకరు, లంకెబిందెలా అని ఇంకొకరు. రంగాపూర్‌లో ఉస్మానియా వాళ్ళు 48 అంగుళాల టెలిస్కోపు పెట్టుకుంటే హైదరాబాద్ వెలుగు అక్కడిదాకా పాకిన కథ మొదలుపెట్టాను కానీ, మొహం మీద అన్ని లైట్లు పడుతుంటే ఆ కథ నాకే అబద్ధంలా వినబడింది.

మామగారే గొంతు సవరించుకున్నారు. ‘ఏం లేదురా, మనూరి చీకటికి మార్కులేస్తున్నాడు. హైదరాబాద్‌కి పదిహేడేనంట.’

అంతే, ఊరి పరువైపోయింది. టార్చిలు టపటపా ఆరిపోయాయి. వీధిలైటు సంగతేంటని ఎవరో అంటే ఒక కుర్రాడు చీకట్లోకి పరుగెత్తాడు, లైటొక్కటీ ఆపొస్తాడనుకుంటే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఏబీ స్విచ్ దించేశాడు. ఊరు ఊరంతా ఆరిపోయింది. గబుక్కున నొక్కాను. ఫ్యాన్లు ఆగి, పిల్లలు లేచి, ఇంటింటా ఎమర్జెన్సీ లైట్లు వెలిగేలోపు అంకె పడింది, 21.

‘ఇరవై రెండుకి ఇరవై ఒకటే? ఆ ఒక్కటీ ఎక్కడ పోయింది?’ అన్నారు మామగారు, కాగితాలు మళ్ళీ దిద్దించుకునే తండ్రిలాగా.

తూర్పున అడుగున కాస్త తెల్లగా ఉంటే చూపించాను. పక్కూరి గుడి దగ్గర కొత్తగా వేసిన హైమాస్ట్ లైటు.

‘అనుకున్నా! కాలవ నీళ్ళ దగ్గరా ఇంతే వాళ్ళు’ అన్నాడు నెత్తి లైటాయన, మర్చిపోయి మళ్ళీ నా మొహంలోకి చూసి. రేపు రాత్రి డబ్బా పట్టుకుని ఆ ఊరు వెళ్ళాలని అక్కడికక్కడే తీర్మానించారు. వాళ్ళకి ఎంతొస్తుందో గుడి ముందు నిలబడి గట్టిగా చదవాలట. నాకు తోడుగా ఇరవై మంది వస్తున్నారు, కర్రలతో.