మహారాజశ్రీ పంచ్ కార్డు గారికి

మహారాజశ్రీ పంచ్ కార్డు గారికి, మీ ఇంట్లో పాతికేళ్లకు పైగా అద్దెకుంటున్న, కోబాల్ అనే పాత కంప్యూటరు భాషను నమ్ముకున్న ప్రోగ్రామరు నమస్కరించి వ్రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం అడుగుదామంటే మీరు పోయి చాలా ఏళ్లయిందని అందరూ అంటున్నారు. నాకు మాత్రం నమ్మకం లేదు. ఎందుకైనా మంచిదని ఈ ఉత్తరాన్ని మడవకుండా పెద్ద కవరులో పెట్టి పంపుతున్నాను. "మడవరాదు, చువ్వకు గుచ్చరాదు, చింపరాదు" అని ఒంటి మీద అచ్చేయించుకుని, చిల్లుల రూపంలో కంప్యూటర్లకు లెక్కలూ ప్రోగ్రాములూ మోసుకు తిరిగిన అట్టముక్క పెద్దమనిషి మీరు. కిరాణా కొట్టు చీటీలాగా మిమ్మల్ని చువ్వకు గుచ్చే సాహసం నేనెందుకు చేస్తాను?

మిమ్మల్ని ఆఫీసులో నేను ఒక్కసారి కూడా చూడలేదు. అయినా నా చాకిరీ అంతా మీ కొలతల్లోనే సాగింది. 1928లో ఐబీఎం కంపెనీవారు మీకు 80 కాలమ్‌లు (కాలమ్‌కొక అక్షరం), నలుపలకల చిల్లులు ఖాయం చేశారు. పొడవు ఏడూ మూడెనిమిదో వంతుల అంగుళాలు, వెడల్పు మూడుంబావు. కార్డు పోయాక టెర్మినల్ వచ్చింది, దాని తెర 80 అక్షరాలు. నేను ఈ రోజుకీ మెయిన్‌ఫ్రేము అనే పెద్ద కంప్యూటరులో ప్రోగ్రాం రాసే ఫైలు వెడల్పు 80. పనిని మిషనుకు అప్పజెప్పే జేసీఎల్‌లో ఒక్కో వాక్యాన్ని ఇప్పటికీ "కార్డు" అంటాం. "జాబ్ కార్డులో తప్పుంది చూడు" అని నిన్న నేనే ఒక కుర్రాడితో అన్నాను. ఏ కార్డు సార్, ఆధారా అన్నాడు.

మనకు పరిచయం అయింది 1998లో. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల కరెంటు స్తంభానికి కూడా కోబాల్ కోచింగ్ బోర్డు వేలాడే రోజులు. మా నాన్న అరెకరం తాకట్టు పెట్టి ఫీజు కట్టాడు. క్లాసులో చోటు లేక సగంమంది మెట్ల మీద కూర్చుని రాసుకునేవాళ్లం. సారు బోర్డు మీద పొడుగాటి డబ్బా ఒకటి గీసి, "1 నుంచి 6 సీక్వెన్స్ నంబరు. 7లో స్టార్ పెడితే కామెంటు. 8 నుంచి 11 ఏరియా ఏ. 12 నుంచి 72 ఏరియా బి. 72 దాటితే మీ ఖర్మ" అన్నాడు. ఎందుకు సార్ అని ముందు బెంచీవాడు అడిగాడు. "ఎందుకేంటి? అంతే. ఇంటర్వ్యూలో ఎందుకని అడగరు."

ఖర్మ మరుసటి ఏడాదే కాలింది. హైదరాబాదులో నైట్ షిఫ్టు. అమెరికాలో ఎవరో ఇన్సూరెన్స్ కంపెనీవాళ్ల ప్రోగ్రాంలో సంవత్సరాన్ని రెండంకెల నుంచి నాలుగంకెలకు పెంచడం నా పని. దాంతోపాటు ఆ ఫీల్డు పేరుకి చివర ఒక్క అక్షరం చేర్చాను. లైను ఒక్క అడుగు కుడివైపు జరిగింది. చివర ఉన్న ఫుల్‌స్టాప్ 72వ కాలమ్ నుంచి 73కి వెళ్లి కూర్చుంది. తెర మీద చక్కగా కనిపిస్తూనే ఉంది, దిష్టిచుక్కలాగా. ప్రోగ్రాంని మిషను భాషలోకి మార్చే కంపైలరుకి మాత్రం 72 తర్వాత చూపు ఆనదు.

ఆ ఫుల్‌స్టాప్ ఒక "ఇఫ్" వాక్యానికి ముగింపు. ప్రీమియం ఆలస్యంగా కట్టినవాళ్లకు జరిమానా వెయ్యి అని ఆ వాక్యం. కింది లైనేమో అందరి ప్రీమియమూ మొత్తానికి కలపమంటుంది. మధ్యలో చుక్క లేకపోయేసరికి కింది లైను కూడా ఇఫ్ కడుపులోకి పోయింది. ఇంకేముంది, గడువులోపల బుద్ధిగా కట్టినవాళ్ల డబ్బంతా లెక్కలోంచి మాయం. ఎగవేతదారుల సొమ్ము ఒక్కటే పైసలతో సహా సరిగ్గా వచ్చింది. తెల్లవారి మూడింటికి ఫోన్. ప్రింటవుట్ మీద స్కేలు పెట్టి కాలమ్‌లు లెక్కపెట్టుకుంటూ ఆ చుక్కను పట్టుకునేసరికి ఆరున్నర. కింద బండి దగ్గర ఇడ్లీ కూడా సయించలేదు.

73 నుంచి 80 దాకా ఆ ఎనిమిది కాలమ్‌లు మీరెందుకు దాచిపెట్టుకున్నారో తర్వాతెప్పుడో తెలిసింది. ప్రోగ్రాంలో లైనుకో కార్డు కదా, మీరు చేతిలోంచి జారిపడి చెల్లాచెదురైతే ఏ ప్రోగ్రాందో పోల్చుకుని మళ్లీ పేర్చడానికి, పేరో నంబరో వేసుకునే చోటట అది! 1999లో నా ముందున్న ప్రోగ్రాం ఎక్కడి నుంచి కింద పడుతుందండీ? కాన్పూరు ఐఐటీకి 1963లో ఐబీఎం 1620 అనే కంప్యూటరు వచ్చింది, మీరు దానికి మేత. ఆ తరం మనిషి ఒకాయన మాకు సీనియరుగా ఉండేవాడు. కార్డుల కట్ట పక్క అంచు మీద స్కెచ్ పెన్నుతో ఏటవాలుగా గీత గీసేవాళ్లమని చెప్పేవాడు. కట్ట తారుమారైతే గీత ముక్కలై కనిపిస్తుందట. రాత్రి కట్ట ఇచ్చి వస్తే ఫలితం మర్నాడు. కామా తప్పు పోతే ఇంకో రోజు. "మీరు అదృష్టవంతులయ్యా" అనేవాడు. ఆ మాట ఆరున్నర ఇడ్లీ రోజున అని ఉంటే నా జవాబు వేరేగా ఉండేది.

సరే, మీ వంశం సంగతికి వద్దాం. మా భాషలో చిల్లు పడ్డదానికి విలువ లేదు. చేతిలో చిల్లిగవ్వ లేదంటే మనిషి దివాలా తీశాడని అర్థం. మీరేమో చిల్లు పడ్డాకే మనిషయ్యారు. ఎంత చిల్లు పడితే అంత విలువ. ఫ్రాన్సులో లియోన్ పట్టణం మీ పుట్టిల్లు. 1725లో బాసిల్ బూషోన్ అనే ఆయన చిల్లుల కాగితంతో మగ్గం పోగులు ఎత్తించాడు. జకార్డ్ గారు 1804లో అట్టల గొలుసుతో ఆ విద్యను నిలబెట్టారు. అప్పటిదాకా మగ్గం దగ్గర ఉండి తాళ్లు లాగే కుర్రాడి కడుపు మీద ఆ అట్టల దెబ్బ పడింది. ఆటోమేషన్‌తో ఉద్యోగాలు పోతాయని ఇప్పుడు టీవీలో టెన్షన్ పడేవారికి మీ రికార్డు చూపించాలి.

జకార్డ్ పోయాక ఆయన బొమ్మను పట్టులో నేశారు. దానికి 24,000 అట్టలు పట్టాయి. ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ ఆ పట్టుబొమ్మను సంపాదించి ఇంట్లో పెట్టుకుని, చూసినవాళ్లు అచ్చుబొమ్మ అనుకుంటే మురిసిపోయేవాడు. తాను గీసిన ఎనలిటికల్ ఇంజిన్ అనే లెక్కల యంత్రానికి కూడా మిమ్మల్నే పెడదామనుకున్నాడు. ఆ యంత్రం పువ్వులూ ఆకులూ నేసే మగ్గంలాగా బీజగణితాన్ని నేస్తుందని ఆదా లవ్‌లేస్ 1843లో రాసింది. యంత్రం మాత్రం పూర్తికాలేదు. బాబేజ్ గారి పనులన్నీ అంతే. డిజైను గీయడం, అది పూర్తికాకముందే ఇంకా మంచి డిజైను తట్టడం.

మీకు నిజంగా దశ తిరిగింది అమెరికాలో. అక్కడ 1880 జనాభా లెక్కలు తేలడానికి ఏడేళ్లకు పైగా పట్టింది. ఆ ఆఫీసులో పనిచేసిన హెర్మన్ హోలెరిత్ అనే కుర్రాడు ఒకసారి రైల్లో పోతూ కండక్టరుని గమనించాడు. టిక్కెట్టు చేతులు మారకుండా కండక్టరు దాని మీద ప్రయాణికుడి ఆనవాళ్లు చిల్లులు కొడుతున్నాడు: లేతరంగు జుట్టు, నల్లకళ్లు, పెద్ద ముక్కు. మా ఆర్టీసీ కండక్టరు కూడా ఒకప్పుడు టిక్కెట్టుకి చిల్లు కొట్టేవాడు గాని, ఇదిగో పెద్ద ముక్కు అని మొహాన చెప్పలేదు, పాపం.

హోలెరిత్‌కి 1889లో పేటెంటు వచ్చింది, 1890 లెక్కలు మీ మీద నడిచాయి. మనిషికో కార్డు. గుమాస్తా కార్డుని పెట్టి పిడి కిందికి నొక్కితే సూదులు దిగుతాయి. చిల్లున్న చోట సూది కార్డు దాటి కింద ఉన్న పాదరసం గిన్నెలో మునుగుతుంది, కరెంటు పారుతుంది, ఎదురుగా గడియారాల్లాగా ఉన్న 40 డయల్స్‌లో తగినదాని ముల్లు ఒక అంకె కదులుతుంది. గంట మోగుతుంది. గంట మోగకపోతే కార్డు సరిగ్గా పడలేదని. విశ్రాంతి కావాల్సిన ఉద్యోగి ఎవరో ఆ పాదరసాన్ని మందుచుక్కల గొట్టంతో పీల్చి ఉమ్మితొట్టిలో పోసేవాడని చెప్పుకుంటారు. మిషను ఆగితే మెకానిక్ వచ్చేదాకా సెలవే మరి. "సర్వర్ డౌన్" అనే మాట పుట్టకముందే దాని ప్రయోజనం కనిపెట్టిన ఆ మహానుభావుడికి నా ప్రత్యేక నమస్కారం.

జనం 6 కోట్ల 26 లక్షలని కొద్ది వారాల్లోనే తేల్చారు. ఇంకా ఎక్కువ ఉంటామనుకున్న జనం లెక్క తక్కువొచ్చిందని మీ మిషన్లను తిట్టారు. హోలెరిత్ కంపెనీ 1911లో వేరే వాటితో కలిసిపోయింది, ఆ కలిసిన కంపెనీ పేరు 1924లో ఐబీఎం అయింది. ఆ తర్వాత మీ వ్యాపారం మా ఊళ్ల పాత షావుకార్లకు పాఠం చెప్పేటట్టు నడిచింది. మిషను అమ్మరు, అద్దెకిస్తారు. అందులో వేసే కార్డు మాత్రం వాళ్ల దగ్గరే కొనాలి. మగ్గం నాది, నూలు నా దగ్గరే కొను అన్నట్టు. అది చెల్లదని 1936లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది.

ఒక విషయంలో మీతో వేళాకోళం ఆడలేను. 1933లో హిట్లరు గద్దెనెక్కిన ఏడాదే ప్రష్యా జనాభా లెక్కలు ఐబీఎం వారి జర్మన్ శాఖ డెహోమాగ్ చేతుల్లో మీ మీద నడిచాయి. మీకు మతం లేదు. కానీ మీ ఒంటి మీద మతానికి ఒక కాలమ్ ఉంది. 1939 లెక్కల్లో తాతా అమ్మమ్మలు యూదులా కాదా అని కూడా అడిగారు. చిల్లు కొట్టిన గుమాస్తాకి అది ఆ రోజు పనిలో ఒక చిల్లు.

1964లో అమెరికాలోని బర్క్లీ యూనివర్సిటీ విద్యార్థులకు చిర్రెత్తుకొచ్చి, "నేను విద్యార్థిని, నన్ను మడవకండి, చింపకండి" అని మీ మాటలే మెడలో వేసుకున్నారు. కార్డుకి దక్కే మర్యాద మనిషికి దక్కట్లేదని వాళ్ల బాధ. నాకు ఆ బాధ అప్రైజల్ రోజున బాగా అర్థమవుతుంది.

2000లో ఫ్లోరిడా ఎన్నికలు గుర్తున్నాయా? చాలాచోట్ల ఓటు వేయడమంటే కార్డుకి చిల్లు కొట్టడమే. ఊడీ ఊడక కార్డుని పట్టుకు వేలాడుతున్న కాగితపు మెరికల్ని భూతద్దాలు పెట్టి చూశారు. ఆధిక్యం 537 ఓట్లు. పోయారనుకున్న మీరు వెళ్తూ వెళ్తూ అమెరికా అధ్యక్షుడి దగ్గర కాలు అడ్డం పెట్టారు.

మీ ఆస్తి మొత్తం 80 కాలమ్‌లు. అందులో పేరు, ఊరు, ఖాతా, తేదీ, రూపాయలు, పైసలు అన్నీ ఇరకాలి. 1965 అని రాయడానికి నాలుగు కాలమ్‌లా, దండగ, 65 చాలు అన్నారు. మేనమామ పెళ్లికి చదివించినంత పిసినారితనంగా రెండు కాలమ్‌లు మిగిల్చారు. మీరు పోయాక కూడా టేపులు, డిస్కులు అదే అలవాటు పట్టుకున్నాయి. 99 తర్వాత 00 వస్తే మిషన్లన్నీ 1900 అనుకుంటాయని శతాబ్దం చివర్లో లోకానికి చెమటలు పట్టాయి. కోట్ల లైన్ల కోబాల్ తిరగేయాలి, తిరగేసేవాళ్లు కావాలి. అమెరికా హెచ్1బి వీసాల పరిమితిని 65,000 నుంచి 1,15,000కి పెంచింది. మైత్రీవనం మెట్ల మీద కూర్చున్నవాళ్లం లేచి చిలుకూరు బాలాజీ చుట్టూ తిరిగాం.

కాబట్టి ఆ మహాశయుడు ఎవరోగాని, రెండు కాలమ్‌లు మిగిల్చిన ఆ చేతికి మా వాళ్లు గుడి కట్టాలి. మా మెట్ల బ్యాచ్‌లో ఎందరో న్యూజెర్సీలో, డాలస్‌లో ఇళ్లు కొన్నారు. నాకు వీసా రాలేదు, ఆ సంగతి వదిలేయండి. మా నాన్న పొలం మాత్రం విడిపించాను.

ఇంతకీ మీరు పోలేదని ఎందుకు అనుమానమొచ్చిందంటే, మొన్న మేనకోడలి పెళ్లి పట్టుచీరలకని ధర్మవరం వెళ్లాం. ఆడవాళ్లు కొట్లో రంగులు తేల్చుకునేలోపు పక్క వీధిలో టకటకమని చప్పుడు వినిపిస్తే తొంగిచూశాను. నడవాలో మగ్గం. దాని నెత్తిమీద అట్టల గొలుసు, ఒక్కొక్కటే దొర్లుతోంది. ప్రతి అట్ట నిండా చిల్లులు. నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

"ఏమి సార్, చీర కావల్నా?" అన్నాడు నేతాయన.

"కాదన్నా, ఆ అట్టలు..."

"డిజైన్ అట్టలు సార్. పేకకొక అట్ట. చిల్లున్న చోట పడుగు పోగు పైకి లేస్తాది, లేని చోట లేయదు. నాడె మధ్యలో పోతాది, అంతే." కాలితో తొక్కి చూపించాడు. పైన అట్ట మారింది, కింద జరీలో మామిడిపిందె తోక ఒక్క గీత పెరిగింది. కొత్తగా కంప్యూటర్ జకార్డులు వచ్చినాయట, పెన్‌డ్రైవ్ పెడితే చాలట. పాతవి ఇంకా తిరుగుతానే ఉన్నాయన్నాడు.

అంతలో మగ్గం ఆపాడు. పింద అంచున ఒక పోగు అడ్డంగా లేచింది. అట్టలు వెనక్కి తిప్పి, ఒకదాని మీద ఎక్కువ పడ్డ చిల్లును వేలితో తడిమి పట్టుకున్నాడు. పాత క్యాలెండరు ముక్క చించి, జిగురు రాసి, ఆ చిల్లు మీద అంటించి, ఊదాడు. మేం "ప్యాచ్" వేయాలంటే మూడు అప్రూవల్స్, ఒక చేంజ్ టికెట్, శనివారం రాత్రి జాగారం.

"మీరేమి పని చేస్తారు సార్?"

"కంప్యూటర్ల పనన్నా. ప్రోగ్రాములు రాస్తాను."

"అయితే మీకు ఈ అట్టల సంగతి తెలీదులే సార్" అని మళ్లీ తొక్కడం మొదలుపెట్టాడు.

ఇట్లు,
72వ కాలమ్ దాటి అడుగు పెట్టని
మీ అద్దెదారు