ధవళేశ్వరం లెక్క కాదు, శివారు లెక్క చెప్పండి

వాట్సాప్ గ్రూపుల్లో దేశాల సైనిక బలాన్ని పోల్చే ఆ పట్టిక మళ్లీ తిరుగుతోంది. ఒకవైపు అమెరికా జెండా, ఇంకోవైపు చైనా జెండా, మధ్యలో రష్యా. ట్యాంకులు ఇన్ని, విమానాలు ఇన్ని, ఓడలు ఇన్ని, సైనికులు ఇన్ని లక్షలు. కింద మనకు నాలుగో ర్యాంకు, దానికి చప్పట్ల బొమ్మలు. భీమవరం నుంచి అమలాపురం దాకా బాగా చదువుకున్నవాళ్లే దీన్ని ఫార్వర్డ్ చేస్తున్నారు. నా బాధంతా అక్కడే. ఆ అంకెల్లో తప్పులున్నాయని కాదు, చాలావరకు నిజమే. కానీ ఆ అంకెలతో బలం తెలియదు. ఈ మాట మన డెల్టా వాళ్లకు ఇంకొకరు చెప్పాల్సిన అవసరమే ఉండకూడదు.

ధవళేశ్వరం దగ్గర తూర్పు డెల్టాకు ఇన్ని, మధ్య డెల్టాకు ఇన్ని, పశ్చిమ డెల్టాకు ఇన్ని క్యూసెక్కులు వదిలారని పేపర్లో పడుతుంది. అది చదివి తన చేను తడిసిందనుకునే శివారు రైతు, కాలువ చిట్టచివర చేను ఉన్నవాడు, ఒక్కడైనా ఉన్నాడా? మధ్యలో పూడిక ఉంది, గుర్రపుడెక్క ఉంది, కారిపోయే లాకులున్నాయి, పైవాళ్లు వేసిన మోటార్లున్నాయి. అవన్నీ దాటి వచ్చి తన బోదెలో ఎన్ని అంగుళాల నీరు నిలిచిందన్నదే అతని లెక్క. సైన్యం సంగతీ అంతే. గోదాములో ఎన్ని ఆయుధాలున్నాయన్నది ధవళేశ్వరం లెక్క. యుద్ధం జరిగే చోట, నలభయ్యో రోజున, గుండుతో, డీజిల్‌తో, పని తెలిసిన మనిషితో కదలగలిగినవి ఎన్ని అన్నది శివారు లెక్క. అణ్వాయుధాల జోలికి నేను పోవడం లేదు, అది పూర్తిగా వేరే విషయం. మామూలు యుద్ధబలం గురించే ఈ పోస్టు.

విమానవాహక నౌకలు చూడండి. పట్టికలో అమెరికాకు 11, చైనాకు 3, మనకు 2, రష్యాకు 1. దాళ్వాలో, అంటే రెండో పంటలో, వంతులవారీ నీళ్లు ఎందుకిస్తారో తెలిసినవాళ్లకు ఆ 11 వెనక సంగతి వెంటనే అర్థమవుతుంది. ఒక నౌక కాపలాలో ఉంటే ఇంకొకటి శిక్షణలో, మరొకటి మరమ్మతులో ఉండాలి. ఏ రోజు చూసినా నిజంగా సముద్రం మీద పనిలో ఉండేవి మూడో నాలుగో. అణు ఇంధనంతో నడిచే నౌకకు జీవితకాలం మధ్యలో ఒకసారి రియాక్టరు ఇంధనం మార్చి, నౌకనంతా విప్పి బాగుచేయాలి. జార్జ్ వాషింగ్టన్ నౌక 2017లో ఆ పనికి యార్డులోకి వెళ్లి 2023లో బయటికొచ్చింది. ఇక రష్యా వాళ్ల ఆ ఒక్కటి, అడ్మిరల్ కుజ్నెత్సోవ్. 2018 అక్టోబరులో అది మరమ్మతులో ఉన్న తేలే డాకు మునిగిపోయింది. 2019 డిసెంబరులో నౌకలోనే మంటలు చెలరేగాయి. ఏళ్ల తరబడి సముద్రంలోకి పోలేదు. అయినా పట్టికలో అది 1గానే ఉంటుంది.

ఓడల సంఖ్యలో చైనా 370 దాటింది, అమెరికా 300 లోపే. దీన్నిబట్టి చైనా పెద్దది అనేస్తున్నారు. మొత్తం టన్నుల్లో చూస్తే అమెరికాదే పెద్ద నౌకాదళం. అయితే అమెరికా అభిమానులు సంబరపడాల్సిన పని కూడా లేదు. తైవాన్ జలసంధి ఇరుకైన చోట 130 కిలోమీటర్లే. శాన్ డియాగో నుంచి అక్కడికి దాదాపు 11 వేల కిలోమీటర్లు. ఒకరిది కాలువ మొదట్లో చేను, ఇంకొకరిది శివారు చేను. పైగా ప్రపంచంలో కట్టే వాణిజ్య ఓడల్లో, టన్నుల లెక్కన, సగానికి పైగా చైనా యార్డులవే. అమెరికా వాటా ఒక శాతం కూడా లేదు. మొదటి నెలలో మునిగిన ఓడ స్థానంలో రెండో ఏడు ఎవరు కొత్తది దించగలరో ఈ అంకె చెబుతుంది. నన్నడిగితే ఓడల సంఖ్య కంటే ఇదే ముఖ్యం.

ఓడలో ఉన్న క్షిపణులకూ ఒక హద్దుంది. అమెరికా బర్క్ తరగతి నౌకకు నిలువు గొట్టాలు 90 నుంచి 96. చైనా టైప్ 055కు 112. అవి కాల్చేశాక రేవుకు వెళ్లి, క్రేనుతో కొత్తవి ఒక్కొక్కటీ గొట్టంలోకి దించుకోవాలి. అలల మీద ఊగే రెండు ఓడల మధ్య అంత బరువును సన్నటి గొట్టంలోకి నిలువుగా దించడం మామూలు పని కాదు. అమెరికా వాళ్లు 2024 అక్టోబరులో చోసిన్ అనే నౌక మీద సముద్రంలోనే ఆ పని చేసి చూపారు, కానీ అది ప్రయోగ దశే. ఎర్రసముద్రంలో యెమెన్ తిరుగుబాటుదారులైన హౌతీల చవక డ్రోన్లను కూల్చడానికి ఒక్కోటి 20 లక్షల డాలర్ల పైబడిన క్షిపణులు వాడాల్సి వచ్చింది. డబ్బు పోతే పోయింది, గొట్టం ఖాళీ అవడమే అసలు నష్టం. తైవాన్ దగ్గర పెద్ద యుద్ధమే వస్తే దూరం పోయే క్షిపణుల్లో కొన్ని రకాలు వారం లోపే అయిపోతాయని వాషింగ్టన్‌లోని సీఎస్ఐఎస్ అనే పరిశోధన సంస్థ 2023లోనే రాసింది. పట్టికల్లో క్షిపణి నిల్వకు గడే ఉండదు.

ఫిరంగి గుండు దగ్గర కాసేపు ఆగాలి. యుక్రెయిన్ యుద్ధం అందరికంటే గట్టిగా పాఠం చెప్పింది ఇక్కడే. 155 మిల్లీమీటర్ల గుండు అంటే దాదాపు 45 కిలోల ఉక్కు, మందు. ఉక్కు కడ్డీని ముక్కలు కోసి, ఎర్రగా కాల్చి, ప్రెస్సులో పొడవుగా లాగుతారు. ముక్కు సన్నం చేస్తారు, మళ్లీ వేడిచేసి చల్లార్చి గట్టిపరుస్తారు, లేతు మీద తిప్పుతారు, అడుగున రాగి పట్టీ ఎక్కిస్తారు. ఆ పట్టీ సరిగ్గా కూర్చోకపోతే గుండు గొట్టంలో తిరగదు, గురి పోతుంది. తర్వాత ఇంకో ఫ్యాక్టరీలో కరిగించిన పేలుడు మందు పోస్తారు. అది త్వరగా చల్లారితే లోపల గాలి బుడగలూ పగుళ్లూ వస్తాయి. అలాంటి గుండు ఫిరంగిలోనే పేలే ప్రమాదం ఉంది. అందుకే ప్రతిదాన్నీ ఎక్స్‌రే తీసి చూస్తారు. ఫ్యూజు వేరు, గుండును గొట్టంలోంచి తోసే మందు వేరు. ఇందులో ఏ ఒక్కటి తక్కువైనా మిగతావన్నీ గోదాములో కూర్చోవాల్సిందే.

2022కు ముందు అమెరికా నెలకు సుమారు 14 వేల గుండ్లు చేసేది. నెలకు లక్ష లక్ష్యం పెట్టుకుని, వందల కోట్ల డాలర్లు పోసినా, మూడేళ్లకు 40 వేల దగ్గరికి చేరింది. యూరప్ సమాఖ్య 2024 మార్చికి పది లక్షల గుండ్లు ఇస్తామని మాటిచ్చి, గడువుకు సగం దగ్గర ఆగింది. డబ్బు లేక కాదు. అమెరికా సొంతంగా టీఎన్‌టీ అనే పేలుడు మందు తయారుచేయడం 1986లోనే ఆపేసింది. ఆ తర్వాత పోలండ్ లాంటి చోట్ల నుంచి తెచ్చుకుంది. కెంటకీలో కొత్త ఫ్యాక్టరీకి 2024 నవంబరులో గానీ కాంట్రాక్టు ఇవ్వలేదు. తోసే మందుకు కావాల్సిన నైట్రోసెల్యులోజు పత్తిగింజకు అంటుకున్న పొట్టి నూగు నుంచి వస్తుంది, ఆ నూగు మార్కెట్లో చైనా పెద్ద చెయ్యి. ఈ మందులన్నిటికీ నైట్రిక్ ఆమ్లం కావాలి, దానికి అమ్మోనియా కావాలి, అమ్మోనియాకు సహజవాయువు కావాలి. మన యూరియా బస్తా పుట్టేదీ అదే గ్యాసు నుంచి, అదే అమ్మోనియా నుంచి. ఎరువుకూ గుండుకూ తల్లి ఒకటే. యుద్ధం వచ్చినప్పుడు ఎరువు ధర ఎందుకు ఎగిరిందని అడిగేవాళ్లు ఈ వరుస ఒకసారి చూసుకోవాలి.

రష్యా ఉత్పత్తి అమెరికా కంటే త్వరగానే పెంచింది. అయినా చాలలేదు, ఉత్తర కొరియా నుంచి రైళ్లలో, ఓడల్లో తెచ్చుకుంది. గోదావరిలో సొంత నీరు చాలక సీలేరు నుంచి వదిలే నీటి మీద ఆధారపడిన దాళ్వా లాంటిదే అది. ఫిరంగి గొట్టం కూడా అరుగుతుంది. ఎం777 ఫిరంగి గొట్టం సుమారు 2,500 గుండ్లకు మార్చాలి. తోసే మందు ఎక్కువ వేసి దూరం కొడితే ఇంకా ముందే పోతుంది. రోజుకు వంద కొడితే పాతిక రోజులే. అరిగిన గొట్టంతో కొడుతూ పోతే గుండు ఎక్కడ పడుతుందో చెప్పలేం. ఒక్క గురికి మూడు గుండ్లు పడతాయి, నిల్వ ఇంకా త్వరగా అయిపోతుంది.

ట్యాంకుల విషయానికొస్తే, 2022కు ముందు పట్టికల్లో రష్యా నిల్వ ట్యాంకులు 10 వేలకు పైనే. ఆరుబయట ఎండకూ మంచుకూ ఏళ్ల తరబడి ఉంటే ఏమవుతుందో షెడ్డు లేని ట్రాక్టరును చూసినవాడికి తెలుసు. రబ్బరు సీళ్లు పెళుసెక్కుతాయి, వైర్లు పోతాయి, గురిచూసే అద్దాలు మసకబారతాయి, విలువైనవి ఊడదీసుకుపోతారు. రెండు మూడు ట్యాంకులు విప్పితే ఒకటి తయారవుతుంది. 2023 వసంతానికి టీ-54, టీ-55 రకాలు రైలెక్కి ముందుకు రావడం ప్రపంచమంతా చూసింది. అవి రెండో ప్రపంచయుద్ధం అయ్యాక కొద్ది ఏళ్లలో పుట్టిన డిజైన్లు. పట్టికలో ఆ టీ-55 కూడా 1, కొత్త రకం టీ-90 కూడా 1.

బురద గురించి మనకంటే బాగా ఎవరికి తెలుసు? కోతలప్పుడు వాన పడితే టైరు మిషను చేలో దిగదు, చైను మిషనుకు కబురు పెడతాం. అందుకే ట్యాంకుకు కూడా చైను. కానీ దానికీ ఓ హద్దుంది. టీ-90 బరువు 46 టన్నులు, అమెరికా కొత్త అబ్రామ్స్ 66 టన్నుల పైన, మన అర్జున్ మార్క్-1ఏ 68 టన్నులు. వంతెన ఆ బరువు మోయాలి. కూరుకుపోతే లాగే రికవరీ బండి అంతకు తగ్గదై ఉండాలి. పాత ఎం88 బండ్లయితే ఒక్క అబ్రామ్స్‌ను లాగడానికి రెండు కావాలి. అబ్రామ్స్ ట్యాంకు నిండాలంటే 1,900 లీటర్ల ఇంధనం, దాంతో రోడ్డు మీద సుమారు 420 కిలోమీటర్లు. టర్బైను ఇంజను కాబట్టి నిలబడి ఉన్నా బాగా తాగుతుంది. నలభై ట్యాంకులకు ఒక్కసారి నింపాలంటే 76 వేల లీటర్లు, అంటే 9,500 లీటర్ల ట్యాంకరు లారీలు ఎనిమిది. ఆ ఎనిమిది లారీలకు కవచం ఉండదు. శత్రువు ట్యాంకును వదిలేసి వాటినే కొడతాడు.

2022లో కీవ్ వైపు వెళ్లిన రష్యా సైనిక వాహనాల వరుస 64 కిలోమీటర్ల దాకా సాగి, రోజుల తరబడి ఎందుకు ఆగిపోయింది? పక్కన మెత్తటి పొలాలు, దిగితే కూరుకుపోవడమే. అందరూ ఒక్క రోడ్డు మీదే. కాలువ గట్టు మీద ఒక ట్రాక్టరు ఆగిపోతే వెనక ఎన్ని బళ్లుంటే అన్నీ ఆగుతాయి కదా, అచ్చం అదే. డీజిలు, తిండి, టైర్లు అన్నీ ఆ వరుసలోనే ఇరుక్కున్నాయి. రష్యా సైన్యం రైలు మీద బతికే సైన్యం, రైలు కట్ట దాటి లారీల మీద పడ్డాక దూరం పెరిగేకొద్దీ నీరసపడుతుంది.

కాకినాడ తీరంలో 2019 నుంచి మన నౌకాదళం, అమెరికా దళాలు కలిసి టైగర్ ట్రయంఫ్ విన్యాసాలు చేస్తున్నాయి. 2024లో, 2025లో కూడా జరిగాయి. ఓడలోంచి బళ్లు ఒడ్డుకు దిగే ఫోటోలు అందరూ పంచుకున్నారు. విపత్తు సాయం కోసం, ఎవరూ కాల్పులు జరపని తీరంలోనే, ఆ పనికి ఎంత సరంజామా కావాలో గమనించండి. ఇప్పుడు తైవాన్ పడమటి తీరం ఊహించుకోండి: బురద మేటలు, వరిచేలు, చేపల చెరువులు. నరసాపురం, అంతర్వేది వైపు చూసినట్టే ఉంటుంది. ట్యాంకు దిగాక పోవడానికి గట్లూ రోడ్లే గతి. చైనా దీనికోసమే కాళ్లు దించి నిలబడే వంతెన బార్జీలు కట్టింది, 2025లో వాటిని పరీక్షించింది. మంచి ఆలోచనే. కానీ సముద్రం ఒప్పుకోవాలి. 1944 జూన్‌లో నార్మండీ దగ్గర అమెరికా వాళ్లు నిలబెట్టిన కృత్రిమ రేవు మూడు నాలుగు రోజుల తుపానుకే ముక్కలైంది. 2024 మేలో గాజా దగ్గర అమెరికా తేలే రేవు కట్టింది, సుమారు 23 కోట్ల డాలర్ల పని. వారం తిరిగేసరికి అలలకు విరిగింది, మొత్తం మీద ఇరవై రోజులే పనిచేసింది. ఇది ప్రపంచంలో అందరికంటే ఎక్కువ సరుకు మోయగల సైన్యం పరిస్థితి, అదీ ఎదుట శత్రు నౌకాదళం లేనప్పుడు. 1996 నవంబరు తుపాను చూసిన కోనసీమకు సముద్రం మాట వినదని వేరే చెప్పక్కర్లేదు.

ఖర్చు అంకెలతో కూడా జాగ్రత్త. స్టాక్‌హోమ్‌లోని సిప్రీ పరిశోధన సంస్థ లెక్కన 2024లో అమెరికా 99,700 కోట్ల డాలర్లు, చైనా 31,400 కోట్లు, రష్యా 14,900 కోట్లు, మనం 8,610 కోట్లు. అమెరికాలో వెల్డరు జీతం, చైనాలో వెల్డరు జీతం ఒకటి కాదు. ఒకే డాలరుకు రెండు చోట్ల ఒకే ఉక్కు రాదు. అమెరికా ఖర్చులో సైనికుల జీతాలకు, ప్రపంచమంతా ఉన్న స్థావరాలకు పోయేది చాలా ఉంది. ఎఫ్-35 విమానాల్లో 2023 మార్చి నాటికి పని చేయగల స్థితిలో ఉన్నవి 55 శాతం దగ్గరేనని వాళ్ల ప్రభుత్వ ఆడిట్ సంస్థే చెప్పింది. స్పేర్లు లేవు, మరమ్మతు కేంద్రాలు అనుకున్న వేగంతో రాలేదు. అంత బాహాటంగా లెక్క చెప్పుకోవడం ఆ దేశానికి మంచిదే. చైనాలో అలాంటి రిపోర్టు బయటికి రాదు. అందుకే రెండు పక్కల అంకెలు పక్కపక్కన పెట్టి గీత గీయడం కుదరదు.

ఇక మన సంగతి. తాడేపల్లిగూడెం పక్కన మాధవరం లాంటి ఊళ్లు తరతరాలుగా సైన్యానికి పిల్లల్ని పంపాయి. వాళ్ల చేతిలో ఏముందో తెలుసుకోవడం మన బాధ్యత. 2013 మార్చి నాటికి మన సైన్యం మందుగుండు రకాల్లో సగం పది రోజుల యుద్ధానికి కూడా చాలవని కాగ్ 2015లో చెప్పింది. నియమం ప్రకారం ఉండాల్సింది 40 రోజులకు. ఆ తర్వాత కొనుగోళ్లు పెరిగాయి, పరిస్థితి మెరుగుపడింది. అప్పట్లో కూడా పట్టికల్లో మన ర్యాంకు ఘనంగానే ఉండేది. వైమానిక దళానికి మంజూరైన యుద్ధవిమానాల స్క్వాడ్రన్లు (దళాలు) 42, 2025 సెప్టెంబరులో ఆఖరి మిగ్-21లు వెళ్లాక మిగిలినవి 29. వాటి చోట రావాల్సిన తేజస్ మార్క్-1ఏ విమానాలు 83కి 2021 ఫిబ్రవరిలో ఆర్డరిచ్చారు, 2024 మార్చి నుంచి రావాలి. వాటికి వేసే ఎఫ్404 ఇంజన్లు 99 అమెరికా నుంచి రావాలి. అందులో మొదటిది చేరింది 2025 మార్చిలో. విమానం చట్రం తయారై నిలబడినా ఇంజను లేనిది ఎగరదు. గ్రూపుల్లో తిరిగే పట్టికలో ఆ 83ని మన బలంలో ముందే కలిపేశారు. పంచినవాళ్లు దయచేసి ఆ అంకె కొట్టేసి మళ్లీ పంచండి.