గుట్టెక్కిన మేం దొంగలమా?

ఇప్పుడే ఇంటికొచ్చిన. మా కుక్క మల్లి కాలుకు కట్టు కట్టించి, దాన్ని పండవెట్టి రాస్తున్న. కోపం ఇంక దిగలే.

పొద్దున ఆరింటికి హన్మకొండల బయలెల్లినం. నలుగురం, రెండు బండ్లు, మా మధ్యల మల్లి. ధర్మసాగర్ దాటినంక ఒక గుట్ట మీద జియోక్యాషింగ్. తెల్వనోళ్లకు చెప్తున్న: ఒకరు చిన్న డబ్బ దాచి అదెక్కడున్నదో అక్షాంశం, రేఖాంశం ఇస్తరు. మిగిలినోళ్లు ఫోన్ పట్టుకొని దేవులాడుతరు. దొరికితే లోపలి పుస్తకంల పేరు, తారీఖు రాసి, డబ్బను ఉన్నకాడనే పెట్టి రావాలె. ఏదన్న తీసుకుంటే అంతే విలువైంది పెట్టాలె. 2000 మే నెలల అమెరికా సర్కారు మామూలు జనం వాడే జీపీఎస్‌ల జాగ సరిగ్గ తెల్వకుండ కావాలని కలిపిన తప్పును తీసేసింది. ఆ తెల్లారే డేవ్ ఉల్మర్ అనేటాయన ఆరెగాన్ అడవిల ఓ బకెట్ దాచిండు. గట్ల మొదలైంది ఈ ఆట.

ఫోన్ మనల్ని కొన్ని మీటర్ల దూరం దాకనే తెస్తది. ఆ తర్వాత మన కండ్లే దిక్కు. అర్ధగంట బండల సందులన్ని చూసినం. ఆఖరికి మా తమ్ముడు పట్టిండు, స్టీలు టిఫిన్ డబ్బ. లోపల నోట్‌బుక్కు, పెన్సిలు, రెండు గోటీలు. మేం పేర్లు రాస్తుంటే కిందికెల్లి ఇద్దరు పెద్దమనుషులొచ్చిన్రు.

"ఏయ్ పిలగాండ్లు, ఏం తవ్వుతున్నరు? గుప్తనిధులా?"

"గదేం లేదు కాకా, ఇది ఆట" అని డబ్బ తెరిచి చూపిచ్చిన.

"ఆటకు కుక్కెందుకు? వాసన పట్టనీకా?"

ఫోన్ తీసి మా మొఖాలు వీడియో తీసిండు ఒకాయన. ఊరి గ్రూపుల పెడ్తడట. ఇంకొకాయన డబ్బ గుంజుకున్నడు.

గుప్తనిధుల పేరుమీద గుళ్లు తవ్వేటోళ్లు మన దిక్కు ఉన్నరు, నాకు తెలుసు. ఊరోళ్లకు అనుమానం వస్తే తప్పు పట్ట. గాని ఈ ఆటల కట్టుబాటే భూమి తవ్వద్దని! డబ్బను పూడ్చిపెట్టొద్దు. తినేది పెట్టొద్దు, జంతువులొస్తయని. పాత కట్టడాల జోలికి పోవద్దు. ఇవన్ని నిలబడి చెప్పిన. ఒక్క ముక్క వినలే.

దిగుతుంటే మల్లి కుయ్‌మన్నది. చూస్తే అరికాల్ల బీరు సీస పెంకు. రక్తం కారుతున్నది. గుట్ట నిండ పెంకులే. రాత్రి గా సీసలు పగలగొట్టినోళ్లను ఎవరు ఆపిన్రు? వాళ్ల మొఖాలను ఎవరు వీడియో తీసిన్రు? మేం డబ్బ దొరకవట్టిన బండ మీదనే తెల్లరంగుతోని గుండె బొమ్మ, రెండు పేర్లు. మన కోటల రాళ్ల మీద మేకులతోని పేర్లు గీకేటోళ్లను ఎంతమంది చూళ్లే? చూసుకుంట పక్కకెల్లి పోతరు. పుస్తకంల పెన్సిలుతోని పేరు రాస్తే మాత్రం దొంగలమైనం.

మా అమ్మమ్మది కరీంనగర్ దిక్కు. వాళ్లూరి పక్కన గుట్ట ఉండె. చిన్నప్పుడు సీతాఫలాలకు ఎక్కేటోళ్లం, పైనుంచి చూస్తే చెరువు కనవడేది. ఇప్పుడు ఆ గుట్ట లేదు. గ్రానైట్ కోసం కోసి, కోసి, ఇంటంత బండలను లారీల మీద కొంటవోయిన్రు. గుట్ట ఉన్నకాడ నీళ్లు నిండిన గుంత ఉన్నది. గొర్లు పడ్తయని చుట్టు కంప కొట్టిన్రు. బ్లాస్టింగ్ మోతకు అమ్మమ్మ ఇంటి గోడ నెర్రెలిచ్చింది. ఆమె చచ్చిపోయేదాక ఆ గోడను తడిమి చూసుకునేది. గన్నేండ్లల ఆ లారీల ముంగట నిలబడి "ఏం తవ్వుతున్నరు" అని అడిగిన పెద్దమనిషి ఒక్కడు లేడు. గా మాట ఇయ్యాల మమ్మల్ని అడిగిన్రు, పెన్సిలు పట్టుకున్న మమ్మల్ని.

డబ్బ మాది గూడ కాదు, వేరే ఎవరో దాచింది. దాచినోళ్లకు సమాచారం పంపిన. వచ్చే ఆదివారం కొత్త డబ్బ, నాలుగు గోనె సంచులు, చేతులకు తొడుగులు పట్టుకొని మళ్ల అదే గుట్టకు పోతున్నం. మల్లి ఇంట్లనే ఉంటది. గా ఇద్దరు కాకలు కనవడితే ఒక సంచి వాళ్ల చేతుల పెడ్త, సీస పెంకులు ఏరనీకి.