ఏకగ్రీవంగా గెలిచిన గవర్నర్ల మండలి వారికి

మహారాజశ్రీ ఇంగ్లండు ఎన్‌హెచ్‌ఎస్ ఫౌండేషన్ ట్రస్టుల గవర్నర్ల మండలి వారి దివ్యసముఖానికి, మీ ఓటర్లలో ఒకడు నమస్కరించి రాసుకున్న విన్నపం.

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. మోకాలి డాక్టరు దగ్గర అపాయింట్‌మెంటు ఇంకా రాలేదు గానీ, తక్కినదంతా క్షేమమే. మీ ఆరోగ్యమే బాగాలేదని తెలిసింది. 2025 జూలైలో ప్రభుత్వం ప్రకటించిన పదేళ్ళ ఆరోగ్య ప్రణాళికలో, ఇకమీదట ఎన్‌హెచ్‌ఎస్ అనే ప్రభుత్వ ఆరోగ్య సేవలో ఆసుపత్రులు నడిపే ఫౌండేషన్ ట్రస్టులకు గవర్నర్లు ఉండితీరాలన్న నియమాన్ని తొలగిస్తామని రాశారు. రెండు దశాబ్దాలు నడిచిన సంస్థను సాగనంపుతామంటే మా వీధిలో ఒక్కరూ అయ్యో అనలేదు. చెత్తబండి ఇకమీదట వారం విడిచి వారం వస్తుందన్నప్పుడు మాత్రం ఇదే వీధి ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పోగుచేసింది.

మిమ్మల్ని ఎరగని తెలుగువారి కోసం మీ జాతకం కాస్త చెప్పాలి. 2003లో ప్రధాని టోనీ బ్లెయిర్ ప్రభుత్వం, బాగా నడుస్తున్న ఆసుపత్రుల మీద లండన్ పెత్తనం తగ్గించి, వాటిని చుట్టుపక్కల జనానికి జవాబుదారీ చేస్తామంది. సొంత పార్టీవాళ్ళే ఎదురు తిరగడంతో ఆ బిల్లు పార్లమెంటు కామన్స్ సభలో పదిహేడు ఓట్ల తేడాతో గట్టెక్కింది. 2004 ఏప్రిల్ 1న మొదటి పది ట్రస్టులు పుట్టాయి. ఆ తేదీ ఆర్థిక సంవత్సరం మొదలు కాబట్టి ఎంచుకున్నారని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను. ఇప్పుడు అలాంటివి దాదాపు నూట నలభై ఉన్నాయి. ఆ చుట్టుపక్కల ఉండేవారు చందా ఏమీ కట్టకుండా ట్రస్టులో సభ్యులు కావచ్చు. ఆ సభ్యులు ఓటు వేసి మిమ్మల్ని ఎన్నుకుంటారు. మండలిలో సగానికి పైగా ఇలా ఎన్నికైనవారే ఉండాలి. సిబ్బంది ఎన్నుకున్నవారు కొందరు, స్థానిక కౌన్సిలూ విశ్వవిద్యాలయమూ వంటివి పంపినవారు మరికొందరు ఉంటారు.

నిలబడటం ఎంత సులువో చెబితే మా వైపు రాజకీయ నాయకులు నవ్వుతారు. ప్రతిపాదించేవారు, బలపరిచేవారు అక్కరలేదు, ఎవరి పేరు వాళ్ళే రాసుకోవచ్చు. పదహారేళ్ళు నిండాలి. దివాలా తీసి ఉండకూడదు, గడిచిన అయిదేళ్ళలో మూడు నెలలో అంతకు మించో జైలుశిక్ష పడి ఉండకూడదు. ఏ పార్టీలోనైనా ఉంటే ఆ సంగతి నామినేషన్ పత్రంలో చెప్పాలి. డిపాజిట్ లేదు. ప్రచారానికి కాగితాలు, తపాలా, ఫోను, ఇంటర్నెట్టు వంటి చిల్లర ఖర్చులన్నీ కలిపి 100 పౌండ్లు దాటకూడదు. అంటే రూపాయల్లో ఇంచుమించు పన్నెండు వేలు. ఆంధ్ర, తెలంగాణల్లో శాసనసభకు పోటీచేసేవాడు డిపాజిట్‌గా కట్టేదే పది వేలు, ఖర్చుకు ఎన్నికల సంఘం గీసిన గీత 40 లక్షలు. ఆ గీత ఎవరికి కనిపిస్తుందన్నది వేరే సంగతి. మీ పన్నెండు వేలతో మా దగ్గర వార్డు మెంబరు టీల ఖర్చు కూడా గట్టెక్కదు.

అయినా నిలబడేవాడు దొరకడు. మూడు స్థానాలు ఖాళీ ఉంటే ఇద్దరు నామినేషన్ వేస్తారు, ఆ ఇద్దరూ ఏకగ్రీవం, మూడోది మళ్ళీ ఖాళీ. మా ఊళ్ళలో పంచాయతీ ఏకగ్రీవం కావాలంటే రాత్రిళ్ళు ఎన్ని పంచాయితీలు జరుగుతాయో మీకు తెలియదు. కొన్నిచోట్ల సర్పంచి పదవిని గుడి దగ్గర వేలం వేసి, పాడుకున్నవాడి చేత ఆ గుడికే గోపురం కట్టిస్తారు. ఏకగ్రీవమైన ఊరికి ప్రభుత్వం ప్రోత్సాహకం కూడా ప్రకటిస్తుంది. ఆ లెక్కన మీకు రావలసిన బకాయి ఎంతో ఎవరైనా కూర్చుని లెక్క తేల్చాలి.

నిలబడకపోవడానికి మా తెలుగువాళ్ళకు పదవుల మీద మోజు లేదనుకునేరు. ఇక్కడి తెలుగు సంఘాల ఎన్నికలు ఒక్కసారి వచ్చి చూడండి. ఉగాది సంబరాలకు పులిహోర ఎవరు వండించాలో నిర్ణయించే ఆ పదవికి రెండు ప్యానెళ్ళు, మూడు వర్గాలు, నాలుగు వాట్సాప్ గుంపులు. కోశాధికారి పదవి దగ్గర మొదలైన మాటామాటా బావమరుదుల దాకా పాకి, చివరికి రెండు ఉగాదులు జరుగుతాయి. ఈ ఊళ్ళో మీ ఆసుపత్రి వార్డుల్లో తిరిగే డాక్టర్లలో, నర్సుల్లో, మందులిచ్చేవాళ్ళలో మావాళ్ళు ఎందరో. సిబ్బంది తరఫున నిలబడమని ఒక మిత్రుణ్ణి అడిగాను. "జీతం ఎంత?" అన్నాడు. లేదు, దారి ఖర్చులు మాత్రం ఇస్తారన్నాను. "జీతం బత్తెం లేకుండా తోడేలు మేకలు కాస్తానందట. నేను తోడేలునని మా మేనేజరు అనుకుంటే?" అన్నాడు. అతడి భయమూ న్యాయమైనదే.

ఇక ఓటు. కవరు వస్తుంది, లేదా ఈమెయిలు వస్తుంది. లోపల అభ్యర్థుల వివరాలు, చాలా చోట్ల 250 మాటలకు మించకుండా. కిందటిసారి మా నియోజకవర్గంలో పోటీ జరిగింది, అదే ఒక పండుగ. నలుగురు అభ్యర్థులు. ఒకరు ముప్ఫయి ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటున్నారు, రెండోవారు నలభై ఏళ్ళుగా. ఒకరి భార్యకు తుంటి ఆపరేషను అద్భుతంగా చేశారు, మరొకరి భర్తకు గుండె ఆపరేషను అంతకంటే అద్భుతంగా చేశారు. నలుగురూ మా గొంతుకగా ఉంటామన్నారు. ప్రసూతి విభాగాన్ని పక్క ఊరికి తరలించాలా వద్దా, కారు నిలిపినందుకు గంటకు ఎంత గుంజాలి, ఛైర్మన్ పనితీరు ఎలా ఉంది, ఈ మూడింటిలో ఒక్కదాని మీదైనా ఒక్కరూ ఒక్క మాట రాయలేదు. 1, 2, 3 అని ప్రాధాన్యాలు వేయమన్నారు, మన పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో లాగా. నలుగురూ ఒకే మనిషిలా ఉన్నప్పుడు ఎవరికి ఏ అంకె వేయాలి? మా ఆవిడ ఫోటోల్లో నవ్వు చూసి తేల్చుకుంది. నేను కుక్కతో ఫోటో దిగినాయనకు 1 వేశాను. ప్రాధాన్య ఓటులోని నిగూఢ ప్రజాస్వామ్య సూత్రం ఇదే కాబోలు.

ఓట్ల శాతం చూసి జనానికి పట్టదు అని మీ కార్యాలయం వాళ్ళు నిట్టూరుస్తూ ఉంటారు. పట్టకపోవడమా! 2001 సార్వత్రిక ఎన్నికల్లో కిడ్డర్‌మిన్‌స్టర్ జనం ఏం చేశారో గుర్తు చేస్తాను. ఆ ఊరి ఆసుపత్రిలో అత్యవసర విభాగం తీసేశారు. రిటైరైన డాక్టరు రిచర్డ్ టేలర్ ఆ ఒక్క అంశం మీద స్వతంత్రుడిగా వయర్ ఫారెస్ట్ నియోజకవర్గంలో నిలబడ్డాడు. ఎదురుగా ఉన్నది అధికార పార్టీ సిట్టింగ్ ఎంపీ. టేలర్ పదిహేడు వేల పైచిలుకు మెజారిటీతో గెలిచి, 2005లో మళ్ళీ గెలిచాడు. పార్టీ జెండా లేని మనిషిని పార్లమెంటుకు పంపేంత పట్టింపు ఆసుపత్రి మీద జనానికి ఉంది. మీ మీద లేదు, అంతే. ఓటు వేస్తే ఏది మారుతుందో కిడ్డర్‌మిన్‌స్టర్ ఓటరుకు తెలుసు. నాకు వచ్చిన కవరులో ఆ ఒక్క కాగితమూ పెట్టడం మరిచారు.

మరి మీకు అధికారాలు లేవా? అక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. ఉన్నాయి! ఛైర్మన్‌ను, రోజువారీ నిర్వహణలో లేకుండా బోర్డులో కూర్చునే నాన్-ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్లను నియమించేది మీరు. వాళ్ళకు ఎంత ఇవ్వాలో తేల్చేది మీరు. మీలో నాలుగింట మూడు వంతుల మంది సరేనంటే వాళ్ళను ఇంటికి పంపేదీ మీరే. ముఖ్య కార్యనిర్వహణాధికారి నియామకానికి మీ ఆమోదం కావాలి. ఆడిటరును పెట్టేది మీరు. మరో ట్రస్టుతో విలీనం కావాలంటే మీలో సగం మందికి పైగా ఒప్పుకోవాలి. 2012 ఆరోగ్య చట్టం ఇంకా ముందుకు వెళ్ళి, డైరెక్టర్లను సమావేశానికి పిలిపించి ప్రశ్నించే హక్కు ఇచ్చింది, మీకు తగిన శిక్షణ ఇప్పించాల్సిన బాధ్యత ట్రస్టు మీద పెట్టింది. మా వైపు ప్రభుత్వాసుపత్రుల అభివృద్ధి సంఘాల్లో ఎమ్మెల్యే ఉంటాడు, అధికారులు ఉంటారు, నామినేట్ అయినవాళ్ళు ఉంటారు. మంచంమీద పడుకున్న రోగికి అక్కడ ఓటు అన్న ఊహే లేదు. ఆసుపత్రి ఛైర్మన్‌ను పదవి నుంచి దింపే హక్కు మామూలు జనం ఓటు దాకా దిగివచ్చిన చోటు ఇది. ఆ హక్కుతో మీరు చేసినదేమిటో చూద్దామని ఒక సమావేశానికి వెళ్ళి గోడ పక్కన కూర్చున్నాను.

బుధవారం మధ్యాహ్నం, ఉద్యోగం ఉన్నవాళ్ళెవరూ రాలేని వేళ. ఒక్కొక్కరి ముందు ఇటుకంత మందాన కాగితాల కట్ట. అధ్యక్ష స్థానంలో ట్రస్టు ఛైర్మన్. మీరు ఎవరినైతే నియమించి, నిలదీసి, అవసరమైతే తొలగించాలో, మీ సమావేశానికి అధ్యక్షత వహించేది ఆ మనిషే! ఇది ఆ ఊరి వింత కాదు, చట్టంలోనే అలా రాసి ఉంది. ఎజెండాలో అయిదో అంశం అత్యవసర విభాగం. తెర మీద ఎర్ర చుక్కలు, పసుపు చుక్కలు, అక్కడక్కడ సిగ్గుపడుతూ ఒక ఆకుపచ్చ చుక్క. వచ్చినవారిలో 95 శాతం మందిని నాలుగు గంటల్లో చూసి పంపాలన్న లక్ష్యం దేశం మొత్తం మీద 2015 జూలై తరువాత ఒక్క నెల కూడా అందలేదు. అందుకే కాబోలు, ఎర్ర చుక్కను చూసి ఎవరూ ఉలిక్కిపడలేదు. మీలో ఒక పెద్దావిడ, స్వెటరు చేతులు పైకి మడుచుకుని, అడిగింది: "మా పక్కింటాయన రాత్రంతా నడవాలో స్ట్రెచరు మీదే ఉన్నాడు. అక్కడ పిలిస్తే పలికే గంట కూడా లేదట. ఎందుకు లేదు?"

గదిలో అంత సూటిగా మాట్లాడింది ఆవిడే. ఛైర్మన్ చిరునవ్వుతో, చాలా మంచి ప్రశ్న అన్నారు. అయితే అది రోజువారీ నిర్వహణకు సంబంధించినదనీ, గవర్నర్ల పాత్ర వ్యూహాత్మకమైనదనీ, ఆవిడకు లిఖితపూర్వకంగా జవాబు పంపిస్తారనీ చెప్పారు. ఆవిడ ఇంకేదో అనబోయింది. ఆరో అంశం మొదలైంది. అది మండలి లోగో రంగు మార్పు గురించి. దాని మీద ఇరవై నిమిషాలు చర్చ జరిగింది, అందరూ పాల్గొన్నారు.

స్టాఫర్డ్ సంగతి మీ ముందు ఎత్తడం మర్యాద కాదని తెలుసు. అయినా ఎత్తుతాను. మిడ్ స్టాఫర్డ్‌షైర్ ఆసుపత్రిలో రోగులకు కనీసం మంచినీళ్ళు అందించే దిక్కులేని రోజుల్లో, 2008 ఫిబ్రవరిలో, ఆ ట్రస్టుకు మంచి ఆసుపత్రి అన్న గుర్తింపుగా ఫౌండేషన్ హోదా వచ్చింది. హోదాతో పాటు గవర్నర్లూ వచ్చారు. ఆ ఘోరాన్ని బయటపెట్టింది వాళ్ళు కాదు. తల్లిని అక్కడ పోగొట్టుకుని, ఊళ్ళో కాఫీ హోటలు నడుపుకునే ఒక కూతురూ, ఆమె చుట్టూ చేరిన బాధితుల కుటుంబాలూ బయటపెట్టారు. 2013లో వచ్చిన ఫ్రాన్సిస్ విచారణ నివేదికలో 290 సిఫార్సులు ఉన్నాయి. అధికారికంగా ఎన్నికైనవారికి కనబడనిది ఎన్నిక కాని మనిషికి కనబడిందంటే ఆవిడకు ఏ శిక్షణ ఇచ్చారో మీరు కనుక్కోవలసింది.

ఇన్ని చెప్పి, పోతున్నారు కదా పొండి అంటాననుకున్నారా? అనను. మిమ్మల్ని తీసేస్తున్నవాళ్ళ వాదన వింటే మీ మీద కోపం పోయి వాళ్ళ మీదకు మళ్ళుతోంది. మీ బదులు రోగుల, సిబ్బంది అభిప్రాయాలు తెలుసుకోవడానికి ఇంకా చురుకైన ఏర్పాట్లు చేసుకుంటారట. చురుకైన ఏర్పాటు అంటే నాకు తెలుసు. డిశ్చార్జి అయిన రోజు సాయంత్రం ఫోనుకు వచ్చే సందేశం: మా సేవలు మీకు ఎలా అనిపించాయి, ఒకటి నుంచి అయిదు దాకా ఒక అంకె నొక్కండి. ఆ అంకెలు ఛైర్మన్‌ను ఇంటికి పంపలేవు. అదే ప్రణాళికలో, రోగుల పక్షాన మాట్లాడే హెల్త్‌వాచ్ సంస్థనూ ఎత్తేస్తామన్నారు. మొత్తం ఆరోగ్య సేవను పైనుంచి నడిపే ఎన్‌హెచ్‌ఎస్ ఇంగ్లండు అనే సంస్థనైతే అంతకు ముందే, 2025 మార్చిలో, రద్దు చేస్తున్నట్టు ప్రధాని ప్రకటించారు. స్కాట్లండ్ 2010లో రెండు ఆరోగ్య బోర్డులకు నేరుగా ఎన్నికలు పెట్టి చూసి, కొన్నేళ్ళకే చాలు అనుకుంది. ఛైర్మన్ చేతికింద కూర్చోబెట్టి, ఇటుకంత కాగితాలు ఒళ్ళో పెట్టి, ప్రశ్న అడిగితే ఉత్తరం రాస్తామని చెప్పి, చివరికి వీళ్ళు ఏమీ చేయలేదని తీసేయడం! స్వెటరు చేతులు మడిచిన ఆ పెద్దావిడకు ఇంతవరకు ఉత్తరం అందిందో లేదో కనుక్కోండి, మీకు ఉన్న కొద్ది రోజుల్లో చేయగలిగిన మంచి పని అది.

ప్రజల ప్రశ్నలు సమావేశానికి ముందే రాసి పంపాలని మీ నియమం కాబట్టి, ఈ లేఖతో పాటు నాదీ ఒకటి జతచేస్తున్నాను. దయచేసి వచ్చే ఎజెండాలో, లోగో రంగు కంటే ముందు చేర్చగలరు.

ప్రశ్న: మండలి పోయాక ఛైర్మన్‌ను తొలగించే అధికారం ఎవరి చేతిలోకి వెళుతుంది, ఆ చేతిని ఎన్నుకోవడానికి నాకు కవరు ఎప్పుడు వస్తుంది?

ఇట్లు,
మీ విధేయుడు,
కుక్కతో ఫోటో దిగినాయనకు 1 వేసిన సభ్యుడు