మీడియం లైట్, మీడియం ఫ్లో, మీడియం బుర్ర

మా బామ్మర్ది మొన్నొక ఆదివారం తన ఉప్పునీటి అక్వేరియంలోకి టోడ్‌స్టూల్ లెదర్ కోరల్ అనే మెత్తటి పగడపు జీవిని కొనుక్కొచ్చాడు. కింద కాడ, పైన గొడుగు, గొడుగు నిండా సన్నసన్నగా ఊగే పాలిప్స్, అంటే బుల్లి నోళ్ళు, అచ్చం వానాకాలం పుట్టగొడుగే. దాన్ని పెట్టిచ్చిన కవరు మీద నల్ల మార్కర్‌తో షాపువాడి శాసనం ఒకటి: మీడియం లైట్, మీడియం ఫ్లో, మిడిల్‌లో పెట్టవలెను. అంటే వెలుగూ నీటి కదలికా ఒక మోస్తరుగా ఉండేలా ట్యాంకు మధ్యలో పెట్టమని. అశోకుడు కూడా రాళ్ళ మీద ఇంత పొదుపుగా చెక్కించలేదు.

సాఫ్ట్ కోరల్స్ పెంచేవాళ్ళందరికీ ఈ శాసనం కంఠతా వచ్చు కదా. జోవాలు కొన్నా మీడియమే, జీనియా కొన్నా మీడియమే, మష్రూమ్ కొన్నా మీడియమే, అన్నీ కోరల్ రకాలే లెండి. రేపు ఆ షాపు ముందు గేదెని కట్టేసి అమ్మినా, మీడియం లైట్‌లో కట్టెయ్యండి సార్, ఏం కాదు అంటాడు.

నాకు తెలిసిన మీడియంలు రెండే, తెలుగు మీడియం, ఇంగ్లీష్ మీడియం. కారంలో కూడా ఉందంటారు గానీ అది నమ్మేది కాదు, మా గుంటూరులో మీడియం కారం అని వడ్డించిన కూర బెంగళూరులో వడ్డిస్తే మనిషి నీళ్ళ బిందె కోసం పరిగెడతాడు. ఒక ఊరి మీడియం ఇంకో ఊళ్ళో పనికిరానప్పుడు, ఒక ట్యాంకు మీడియం ఇంకో ట్యాంకుకి ఎలా పనికొస్తుందో ఆ మార్కర్ పట్టుకున్న మహానుభావుడే చెప్పాలి.

అలాగని దీనికి కొలత లేదా అంటే ఉంది. పార్ అంటారు. కోరల్ ఒంట్లో ఒక నాచు కాపురముంటుంది, అది ఎండ తిని వంట చేసి ఇంటి ఓనరుకి కూడా పెడుతుంది, ఆ నాచుకి పనికొచ్చే వెలుగు ఎంత పడుతోందో చెప్పే అంకె అన్నమాట. మిట్టమధ్యాహ్నం ఆరుబయట అది 2000 దాకా ఉంటుంది. మష్రూమ్‌కి 50 ఇస్తే చాలు, హాయిగా పళ్ళెంలా విప్పుకుంటుంది. జోవాలకి 80 నుంచి 150, టోడ్‌స్టూల్‌కి కూడా ఇంచుమించు అంతే. మరి అదే లైటు కింద, అదే గాజుపెట్టెలో, పైరాయి మీద 250 ఉన్నది కింద ఇసుక దగ్గరికొచ్చేసరికి 60కి పడిపోవచ్చు, మూలకి జరిపితే ఇంకా తక్కువ. ఇందులో మిడిల్ ఎక్కడుందో టేపు పెట్టి కొలుచుకోమంటాడా ఆ షాపువాడు? మీటర్ లేదా బాబూ, కనీసం అద్దెకైనా ఇవ్వవా అంటే, మీటరు రేటుకి ఇంకో ట్యాంకు వస్తది సార్ అని నవ్వుతాడు.

పోనీ మీటర్ లేదు, కళ్ళున్నాయిగా. జోవా మెడ సాగదీసి, పెళ్ళిపందిట్లో వెనక వరసలో కూర్చున్న పిల్లాడు తాళి కట్టడం చూడ్డానికి నిక్కినట్టు పైకి నిక్కుతోందంటే దానికి వెలుగు చాల్లేదు. రాయికి అతుక్కుపోయి నోరు బిగించుకుందంటే ఎక్కువై ఉండొచ్చు. షాపు లైటుకి అలవాటుపడ్డదాన్ని తెచ్చి మొదటిరోజే మన లైటు నూటికి నూరు పెట్టి కొడితే లోపలి నాచుని బయటకి గెంటేసి తెల్లబోతుంది, అందుకని సగంలో మొదలెట్టి రెండు మూడు వారాల మీద పెంచుకుంటూ వెళ్ళాలి. ఈ మాట చెప్పడానికి ఎంతసేపు పట్టింది? మార్కర్‌లో ఇంకు అయిపోతుందా?

ఫ్లో సంగతీ ఇంతే. 200 లీటర్ల ట్యాంకులో గంటకి 4000 లీటర్లు తిప్పే వేవ్‌మేకర్ ఉందనుకోండి, 20 రెట్లు, లెక్క బ్రహ్మాండం. కానీ ఆ నీళ్ళు తిన్నగా కోరల్ మొహాన కొడితే ఫైరింజను పైపు, ఎదుటి అద్దానికి తగిలి తిరిగొస్తే పైరగాలి. మిషను అదే, తిప్పిన కోణమే వేరు. జీనియా సంగతి చూడండి, చేతులు మూసి తెరుస్తూ రోజంతా కొట్టుకుంటూ ఉంటుంది, హ్యాపీగా ఉంది సార్ అంటాడు వీడు. అది హ్యాపీగా ఉందో లేదో దానికే ఎరుక గానీ, ఎర్రసముద్రంలో వీటిని గమనించిన ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు 2013లో తేల్చింది ఏంటంటే, వెలుగులో తయారైన ఆక్సిజన్ ఒంటి చుట్టూనే పేరుకుంటే లోపల వంట మందగిస్తుంది, దాన్ని విసిరికొట్టడానికే ఆ కొట్టుకోవడం అని. అంటే పాపం తన ఫ్యాను తనే విసురుకుంటోంది, వీడేమో డాన్సు అనుకుంటున్నాడు.

ఇక మా బామ్మర్ది టోడ్‌స్టూల్ కథ. పెట్టిన మూడోరోజు అది మూసుకుంది. పాలిప్ ఒక్కటి లేదు, గొడుగంతా మైనం పూసినట్టు మెరుస్తూ, రంగు పోయి, ఒక పక్కకి వాలిపోయింది. మావాడు షాపుకి ఫోన్ చేశాడు. మీడియంలోనే పెట్టారా సార్? పెట్టాను. ఐతే ఫ్లో మీడియం కంటే కొంచెం తగ్గించి చూడండి. తగ్గించాడు. మర్నాడు లైటు తగ్గించమన్నాడు, తగ్గించాడు. ఆ మర్నాడు పై రాయికి మార్చాడు, సాయంత్రానికి కింద ఇసుకలోకి దింపాడు, చివరికి ఎందుకొచ్చిన గొడవని వేవ్‌మేకర్ పూర్తిగా ఆపేశాడు. కాళ్ళులేని జీవిని నాలుగు రోజుల్లో ఐదు ఇళ్ళు మార్పించాడు.

ఆరోరోజు నేను వెళ్ళేసరికి హాల్లో మనుషులున్నారు. కింద ఫ్లోర్ ఆవిడ వచ్చింది, పక్కింటి రిటైర్డ్ మాస్టారు వచ్చారు, మా అత్తగారు కాఫీలు ఇస్తున్నారు గానీ ఎవరూ గట్టిగా మాట్లాడట్లేదు. ఎప్పుడు జరిగింది అన్నారు మాస్టారు. సోమవారం రాత్రి లైట్లు ఆర్పేటప్పుడు బాగానే ఉందండీ, నిండుగా విప్పుకునే ఉంది, పొద్దున లేచేసరికి ఇలా అన్నాడు మావాడు, గొంతు బొంగురు పోయింది. అంతేనండీ మన చేతుల్లో ఏముంది అంది కింద ఫ్లోర్ ఆవిడ, ఎంతకి కొన్నారు? రెండువేల ఐదొందలు. అయ్యో, చిన్న వయసే. మాస్టారు ట్యాంకు దగ్గరికెళ్ళి చేతులు వెనక్కి కట్టుకుని కాసేపు చూసి, మొహంలో కళ ఇంకా పోలేదండీ అన్నారు. దానికి మొహం ఎక్కడుందో నాకు పదిహేనేళ్ళ నుంచీ దొరకలేదు, ఆయనకి రెండు నిమిషాల్లో దొరికింది. అత్తగారు నన్ను పక్కకి పిలిచి, అల్లుడుగారూ, దీన్ని ఏం చెయ్యాలంటారు, పారేస్తే పాపం కదా, హుస్సేన్‌సాగర్‌లో కలిపెయ్యచ్చా అనడిగారు.

అది చావలేదండీ, స్నానం చేస్తోంది అన్నాను.

నిజంగానే. టోడ్‌స్టూల్ అప్పుడప్పుడూ పాలిప్స్ లోపలికి లాక్కుని, ఒంటి మీద మైనం లాంటి పొర కట్టి, దాని మీద పట్టిన నాచూ మురికీ అన్నిటితో కలిపి పొరని వదిలేస్తుంది. వారం పడుతుంది, ఒక్కోసారి రెండు వారాలు. దానికి కావాల్సిందల్లా ఆ పొరని ఊడదీసుకెళ్ళే నీటి కదలిక. అంటే ఫ్లో అవసరమైన ఒకే ఒక్క వారంలో, ఫోన్లో మీడియం మీద మీడియం తగ్గించుకుంటూ పోయి, ఫ్లో సున్నా చేశారు ఇద్దరూ కలిసి. కదలని నీళ్ళలో ఆ పొర అక్కడే ఉండి కుళ్ళితే దాని కింద ఒళ్ళు కూడా కుళ్ళుతుంది. వేవ్‌మేకర్ ఆన్ చేసి, ఎదుటి అద్దానికి కొట్టేలా తిప్పి, ఇంక దీని మీద చెయ్యి వేశావంటే నీ చెయ్యి విరుస్తానని చెప్పి వచ్చేశాను. మూసుకున్న పదకొండో రోజు పాలమీది మీగడలా పొర లేచింది, సాయంత్రానికి గొడుగు నిండా పాలిప్స్. సరిగ్గా పెద్దకర్మ రోజుకి లేచొచ్చాడు అని అత్తగారు అందరికీ ఫోన్లు చేసి చెప్పారు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. తర్వాతి వారం మావాడు ఫోన్ చేసి, బావా, జోవాల రాయికి నాచు పట్టింది, షాపులో అడిగితే రాయి తీసి మరిగే నీళ్ళలో ముంచండి సార్, నాచు పోతది, మిగతాది బతికితే బతుకుద్ది అన్నాడు, గిన్నె పొయ్యి మీద పెట్టాను అన్నాడు. పక్కనే వాడి ఆరేళ్ళ కూతురు ఏదో పాడుకోవడం నాకు వినిపిస్తోంది. నేను స్టవ్ ఆపరా అని అరిచిన అరుపుకి మా ఆవిడ పరిగెత్తుకొచ్చింది.

జోవాల జాతిలో, ముఖ్యంగా వాటి దగ్గరి చుట్టాలైన పాలిథోవాల్లో, పాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది. 1971లో హవాయిలో తేల్చి చెప్పిన సంగతి ఇది, నిన్నగాక మొన్న పుట్టిన పుకారు కాదు. సముద్రంలో దొరికే అతి ఘోరమైన విషాల్లో ఒకటి. అన్ని జోవాల్లోనూ ఉండకపోవచ్చు, కానీ ఏ దాంట్లో ఉందో కంటితో చూసి చెప్పగల మొనగాడు లేడు. ఆ రాయి వేడినీళ్ళలో వేస్తే ఆవిరితో ఊపిరితిత్తుల్లోకి పోతుంది, బయటి దేశాల్లో ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలయ్యారు. కోసేటప్పుడు కంట్లోకి చిమ్మితే కన్ను పోవచ్చు. గ్లౌజులు వేసుకోవాలి, కళ్ళద్దాలు పెట్టుకోవాలి, వేడినీళ్ళు, బ్రష్షుతో గీకడం, ఇవేవీ కూడదు. ఇంతే, మూడు లైన్లు. అదే కవరు మీద, అదే మార్కర్‌తో రాయడానికి నీకేం రోగం వచ్చిందిరా? తెలీక చెప్పలేదంటావా, తెలీనివాడివి ఎందుకు అమ్ముతున్నావు? తెలిసీ చెప్పలేదంటే నిన్నేమనాలో నాకు తెలుసు గానీ ఇక్కడ రాయకూడదు. గ్యాస్ సిలిండర్ తెచ్చే కుర్రాడు కూడా వాసనొస్తే స్విచ్ వెయ్యకండి అమ్మా అని చెప్పి పోతాడు. జోవాల్ని అమ్మి, వాటితోపాటు విషాన్ని ఉచితంగా ఇంట్లోకి పంపి, అది కొన్నవాడి కూతురు వంటింట్లో పాడుకుంటుంటే, బతికితే బతుకుద్ది అంటావా!

నిన్న నేనే వెళ్ళాను ఆ షాపుకి. గొడవ పెట్టుకుందామనే వెళ్ళాను. వాడు నన్ను పెద్ద కస్టమర్ అనుకుని, గొంతు తగ్గించి, వెనక రూమ్‌లో హార్డ్ కోరల్ ఉంది సార్ చూస్తారా అన్నాడు. 2001లో రాతి కోరల్స్ అన్నిటినీ వన్యప్రాణి చట్టం షెడ్యూల్ 1లో చేర్చారు, పులి ఉన్న లిస్టు అది, వెనక రూమ్‌లో పులి పిల్ల ఉంది చూస్తారా అన్నట్టే ఉంది నాకు. వద్దు, జోవాలు ముట్టుకోడానికి గ్లౌజులు ఉన్నాయా అన్నాను, కనీసం ఆ మాటకైనా మొహం మారుతుందేమో చూద్దామని.

ఉన్నాయి సార్, అని కౌంటర్ కింద వెతుకుతూ అడిగాడు, మీడియం ఇవ్వనా?