గ్రంథిని సోమరిని చేసింది మాత్రేనా?

‘థైరాయిడ్ మాత్ర అలవాటైతే గ్రంథి సోమరిపోతు అవుతుంది. అయోడిన్ చుక్కలు వేసుకోండి, గోధుమలు మానేయండి. 90 రోజుల్లో యాంటీబాడీలు మాయం, మాత్రతో పనే ఉండదు.’ ఈ సందేశం నాకు ఇప్పటికి నాలుగుసార్లు వచ్చింది. పంపినవాళ్లంతా నా మేలు కోరేవాళ్లే, అదే చిక్కు.

మొదట సోమరితనం సంగతి. థైరాయిడ్ మందగించడానికి ఒక ముఖ్య కారణమైన హాషిమోటో వ్యాధిలో గ్రంథిని దెబ్బతీసేది మన రోగనిరోధక వ్యవస్థే, రక్తంలో కనిపించే యాంటీబాడీలు ఆ దాడికి గుర్తులు. 1912లో జపాన్ వైద్యుడు హకారు హాషిమోటో నలుగురు స్త్రీల గ్రంథుల్లో లింఫోసైట్లు అనే రోగనిరోధక కణాలు గుంపులు కట్టి ఉండటాన్ని వర్ణించాడు. ఈనాటి థైరాయిడ్ మాత్ర, లెవోథైరాక్సిన్, అప్పటికి పుట్టనే లేదు! మాత్ర వేసుకుంటే, గ్రంథిని పనిచేయమని పురమాయించే టీఎస్‌హెచ్ అనే హార్మోన్ తగ్గి గ్రంథికి పని తగ్గేమాట నిజమే. కానీ ఆరోగ్యమైన గ్రంథి అయితే, మాత్ర ఆపిన కొన్ని వారాల్లో మళ్లీ పని అందుకుంటుంది. అందుకోలేకపోతే లోపం మాత్రది కాదు, అప్పటికే నశించిన కణజాలానిది. ప్రసవం తర్వాత వచ్చే థైరాయిడ్ గ్రంథి వాపులాంటి కొన్ని సందర్భాల్లో గ్రంథి కోలుకుంటుంది, అప్పుడు వైద్యులే మాత్ర ఆపిస్తారు.

అసలు ప్రమాదం అయోడిన్ చుక్కలతో. పెద్దవాళ్లకు రోజుకు కావలసింది 150 మైక్రోగ్రాములే. అంతకు ఎన్నో రెట్లు ఒక్కసారిగా అందితే గ్రంథి హార్మోన్ తయారీని ఆపేస్తుంది. ఆరోగ్యమైన గ్రంథి కొద్దిరోజుల్లో తేరుకుంటుంది, హాషిమోటో గ్రంథి చాలాసార్లు తేరుకోలేదు. అంటే ఈ ‘చికిత్స’ జబ్బును ముదిరించగలదు.

గోధుమలా? గోధుమల్లోని గ్లూటెన్ ఒంటికి పడని సీలియాక్ వ్యాధి ఉన్నవాళ్లు తప్పకుండా మానాలి. థైరాయిడ్ రోగుల్లో అది కాస్త ఎక్కువ కనుక అనుమానం ఉంటే పరీక్ష చేయించుకోవచ్చు, అదీ గోధుమలు మానకముందే. మిగతావాళ్లు మానినంత మాత్రాన గ్రంథి బాగుపడుతుందనడానికి గట్టి ఆధారం లేదు.

ఇక యాంటీబాడీల అంకె. మోతాదు నిర్ణయించేది టీఎస్‌హెచ్, యాంటీబాడీలు కావు. అవి ఉన్నా టీఎస్‌హెచ్ మామూలుగా ఉంటే సాధారణంగా మాత్రే ఇవ్వరు, ఏటా ఒకసారి పరీక్ష చాలు.

‘మాత్ర మానేశాను, హాయిగా ఉన్నాను’ అనే సాక్ష్యాలూ ఆ సందేశంలో ఉన్నాయి. ఒంట్లో థైరాక్సిన్ (మాత్ర ఇచ్చే హార్మోన్) నిల్వ సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది. మొదటి రోజుల హాయి పాత మాత్రల చలవే కావచ్చు. పరీక్ష ఫలితమూ తప్పుదారి పట్టించవచ్చు: జుట్టు కోసం వాడే బయోటిన్ (ఒక విటమిన్) మాత్రలు కొన్ని పరీక్షల్లో టీఎస్‌హెచ్‌ను ఉన్నదానికన్నా తక్కువగా చూపించి, మాత్ర అక్కర్లేదన్నట్టు మోసం చేస్తాయి. గర్భిణి మాత్ర ఆపితే మరీ ప్రమాదం: తొలి నెలల్లో బిడ్డ మెదడు ఎదుగుదల తల్లి హార్మోన్ మీదే ఆధారపడుతుంది. ఆ దశలో మోతాదు సాధారణంగా పెంచాల్సి వస్తుంది.

‘మాత్ర వేసుకున్నా నీరసం పోలేదు’ అనే ఒక్క ఫిర్యాదును మాత్రం నేను కొట్టిపారేయను. కాఫీతో కలిపి మింగుతున్నారేమో, ఐరన్, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఇవ్వడం లేదేమో చూసుకోవాలి. మోతాదు మార్చాక ఆరు నుంచి ఎనిమిది వారాలకు మళ్లీ పరీక్ష చేయించుకోవాలి. అప్పటికీ నీరసం పోకపోతే రక్తహీనత, బీ12 లోపం ఉన్నాయేమో చూడమని వైద్యుణ్ణి అడగాలి.