బాంబర్ల మీద బొమ్మలు, బాంబర్ల మీద సంతకాలు

రెండో ప్రపంచ యుద్ధంలో ఎగిరిన మెంఫిస్ బెల్ అనే బీ-17 బాంబర్ ఇప్పుడు అమెరికాలోని డేటన్‌లో, వైమానిక దళ మ్యూజియంలో ఉంది. దాని ముక్కుకి రెండు పక్కలా ఒకే అమ్మాయి బొమ్మ. ఎడమ పక్క నీలం ఈత దుస్తులు, కుడి పక్క ఎరుపు. జార్జ్ పెట్టీ 1941 ఏప్రిల్ ఎస్క్వైర్ పత్రికకు గీసిన బొమ్మను చూసి టోనీ స్టార్సర్ అనే కార్పొరల్ రేకు మీదకు ఎక్కించాడు. పేరేమో పైలట్ రాబర్ట్ మోర్గాన్ మనసుపడ్డ మెంఫిస్ అమ్మాయి మార్గరెట్ పోల్క్‌ని తలచుకుని పెట్టింది. ఒకామె ఊరి పేరు, ఇంకొకామె ఒళ్లు!

అప్పటి బాంబర్ల మీదున్న ఇలాంటి బొమ్మల్ని బూతు అని కొట్టిపారేయడానికి నాకు మనసొప్పదు. ఇంగ్లండ్ నుంచి ఎగిరిన అమెరికా ఎనిమిదో వైమానిక దళం ఒక్కదాంట్లోనే 26,000 మందికి పైగా చనిపోయారు. చాలామంది ఇరవై ఏళ్లు అటూ ఇటూ ఉన్న కుర్రాళ్లు. 25 దాడులు పూర్తిచేస్తే ఇంటికి పంపేవారు, మొదటి రోజుల్లో ఆ లెక్క చేరినవాళ్లు తక్కువ. ఆక్సిజన్ గొట్టం తగిలించుకుని, గడ్డకట్టే చలిలో గంటల తరబడి కూర్చునేవాడికి తన విమానం ఒట్టి నంబరు కాకూడదనిపించడం సహజం. పేరు పెట్టుకున్నాడు, ముఖం గీయించుకున్నాడు. పైఅధికారులు చాలాసార్లు చూసీ చూడనట్టు వదిలేశారు.

కానీ "పోనీలే, కుర్రాళ్లు కదా" అని అక్కడితో ఆగిపోతే నేను ఒప్పుకోను. ఎందుకంటే ఆ విమానాల దగ్గర నిజమైన ఆడవాళ్లూ ఉన్నారు. సియాటిల్ బోయింగ్ కర్మాగారంలో వేలమంది ఆడవాళ్లు రివెట్లు కొట్టారు, వైర్లు బిగించారు. వాస్ప్ అనే మహిళా పైలట్ల దళంలో 1,074 మంది శిక్షణ పూర్తిచేసి సైనిక విమానాలు నడిపారు. కొత్త విమానాలను కర్మాగారాల నుంచి స్థావరాలకు చేర్చారు, ఫిరంగి దళాల సాధన కోసం గాల్లో గుడ్డ లక్ష్యాలను లాక్కెళ్లారు. 38 మంది ప్రాణాలు పోయాయి. వాళ్లు సైనికులు కారన్నది ప్రభుత్వం మాట, అందుకే శవపేటిక మీద జెండా కూడా కప్పలేదు. మృతదేహాన్ని ఇంటికి పంపడానికి తోటి పైలట్లు చందాలు వేసుకోవాల్సి వచ్చింది. మాజీ సైనికుల హోదా 1977లో గానీ రాలేదు. విమానం ముక్కు మీద ఆడపిల్లకు అంత చోటిచ్చిన సైన్యం, దాన్ని నడిపిన ఆడపిల్లకు ఒక జెండా ఇవ్వలేకపోయింది. నన్ను బాధపెట్టేది ఇదే.

1993లో అమెరికా వైమానిక దళం ఇలాంటి బొమ్మల్లో ఆడా మగా తేడా కనపడకూడదని చెప్పింది. కొత్త విమానాలకు అది సబబే. పాత బొమ్మల మీద రంగు పూస్తే మాత్రం చరిత్రను చెరిపినట్టే.

పర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి తర్వాత బోయింగ్ తయారుచేసిన 5,000వ బీ-17 పేరు ఫైవ్ గ్రాండ్. దాని ఒంటినిండా బొమ్మ లేదు, సంతకాలే. ముక్కు నుంచి తోక దాకా, రెక్కలతో సహా, దాన్ని కట్టిన ఆడా మగా కార్మికులు తమ పేర్లు రాశారు. ఆ రాతలతోనే అది యూరప్ వెళ్లి 78 దాడులు చేసి తిరిగొచ్చింది.

యుద్ధం ముగిశాక బాంబర్లు తుక్కుకు చేరాయి. ఆర్కన్సాలోని వాల్‌నట్ రిడ్జ్ యార్డులో ఒక మేనేజర్ బొమ్మలున్న రేకుల్ని గొడ్డలితో నరికించి దాచాడు. అవి ఈనాటికీ టెక్సాస్‌లో భద్రంగా ఉన్నాయి. ఫైవ్ గ్రాండ్ మాత్రం అరిజోనాలోని కింగ్‌మన్‌లో తుక్కైపోయింది, సంతకాలతో సహా.